లోతు పెరిగిన గొలుసు – నిండిపోయిన స్టాక్

పంచతంత్రమున ఒక కథలో మరియొక కథ, దానిలో ఇంకొక కథ పుట్టుచుండును. లోపలి కథ ముగియువరకు వెలుపలి కథ ఎచట ఆగినదో శ్రోత జ్ఞాపకముంచుకొనవలెను. జావా భాషలో కంప్యూటరు చేయు పనియు ఇట్టిదే. ఒక మెథడ్ మరియొక మెథడును పిలిచినపుడు, మొదటిది ఆగిన చోటు స్టాక్ అను జ్ఞాపకస్థలమున ఒక ఫ్రేముగా నిలుచును. ఆ స్థలము పరిమితము. అది నిండినచో స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్ కలుగును.

సీరియలైజేషన్ అనగా ఆబ్జెక్టును బైట్ల వరుసగా మార్చుట. భద్రపరచుటకు గాని, మరియొక చోటికి పంపుటకు గాని ఇది ఉపయోగపడును. 1997లో వచ్చిన జె.డి.కె. 1.1 నుండి ఈ సౌకర్యము జావాలో కలదు. ఆబ్జెక్ట్ అవుట్‌పుట్ స్ట్రీమ్ ఒక ఆబ్జెక్టును వ్రాయునపుడు, దాని ఫీల్డులందలి ఆబ్జెక్టులను, వాని లోపలి వానిని, తన మెథడ్లనే మరల మరల పిలుచుకొనుచు వ్రాయును. ఒక్క మెట్టు దిగుటకే పలు ఫ్రేములు ఖర్చగును. ‘నెక్స్ట్’ అను ఫీల్డుతో మనమే కూర్చిన గొలుసులో పది నోడ్లున్నచో బాధ లేదు. అవి లక్షకు చేరినచో సాధారణముగా లభించు స్టాక్ చాలదు. చిన్న పరీక్షలో నెగ్గిన ప్రోగ్రాము అసలు సమాచారము ఎదుట కూలుటకు కారణమిదే.

ఈ దోషమును గుర్తించుట సులభము. స్టాక్ ట్రేస్‌లో ‘రైట్ ఆబ్జెక్ట్ 0’, ‘డిఫాల్ట్ రైట్ ఫీల్డ్స్’ అను పేర్లు పదేపదే కనిపించును. ఆబ్జెక్టులు ఒకదానినొకటి చక్రముగా సూచించుటయే కారణమని తలచరాదు. జావా ఒకసారి వ్రాసిన ఆబ్జెక్టును అదే స్ట్రీములో మరల వ్రాయక, దాని గుర్తుసంఖ్యను మాత్రమే వ్రాయును. దోషము చక్రమున లేదు, లోతున కలదు.

నివారణోపాయములు రెండు. మొదటిది, ‘ఎక్స్ ఎస్ ఎస్’ అను ఆప్షనుతో స్టాక్ పరిమాణమును పెంచుట. ఇది తాత్కాలికము, గొలుసు ఇంకను పెరిగినచో దోషము మరల తలయెత్తును. పైగా చదువునపుడును ఇట్టి లోతే ఎదురగును గనుక, ఒక యంత్రముపై వ్రాసిన ఫైలు చిన్న స్టాక్ గల మరియొక యంత్రముపై తెరచుకొనకపోవచ్చును.

రెండవది శాశ్వతము. గొలుసును సూచించు ఫీల్డులను ‘ట్రాన్సియంట్’గా ప్రకటించి, మన క్లాసులోనే ‘రైట్ ఆబ్జెక్ట్’ మెథడును వ్రాయవలెను. అందు మొదట నోడ్ల సంఖ్యను, పిదప ఒక్కొక్క విలువను లూపుతో వ్రాయవలెను. ‘రీడ్ ఆబ్జెక్ట్’ మెథడులో ఆ సంఖ్యను చదివి, అదే క్రమమున గొలుసును తిరిగి కూర్చవలెను. జావావారి లింక్డ్ లిస్ట్ క్లాసు అనుసరించు పద్ధతి ఇదే. అయితే ప్రతి విలువయు తనలో మరియొక లోతైన గొలుసును దాచుకొన్నచో, దానికిని ఇట్టి ఏర్పాటే అవసరము.

విద్యార్థులు ప్రోగ్రామును పదింటితో గాక, లక్ష నోడ్లతో వ్రాయించి, తిరిగి చదివించి చూచిన పిదపనే సరియైనదని తలపవలెను.