వృక్షాహార ద్రవ్యములును హార్మోనుల నాశ్రయించిన క్యాన్సరును

మన శరీరమునందలి కణములు అవసరము కలిగినప్పుడు వృద్ధిపొంది, అవసరము తీరగానే పెరుగుట మానుచుండును. ఈ కట్టుబాటు తప్పి కణములు విచ్చలవిడిగా పెరుగుటయే క్యాన్సరు. కొన్ని తెగల క్యాన్సరునకు శరీరములోని హార్మోనులే ఎరువగుచున్నవి. స్తన క్యాన్సరులలో పెక్కింటికి ఈస్ట్రోజెనును, పురుషుల ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరునకు టెస్టాస్టిరోనును అట్టివి.

ఈ సంబంధము క్రొత్తగా తెలిసినది కాదు. 1896లో గ్లాస్గో వైద్యుడు జార్జి బీట్సను, అండకోశములను తొలగించినచో కొందరు స్త్రీల స్తన క్యాన్సరు తగ్గుటను ప్రకటించెను. 1941లో చికాగో నగరమున చార్లెసు హగ్గిన్సు ప్రోస్టేటు క్యాన్సరు హార్మోనులపై ఆధారపడునని చూపెను. అందులకై 1966లో నోబెలు బహుమానము నందెను.

హార్మోను తాళపుచెవి వంటిది. కణములోని గ్రాహకము తాళపుకప్ప వంటిది. రెండును కలిసినప్పుడే పెరుగుమను ఆజ్ఞ కణమునకు చేరును. సోయాచిక్కుడు గింజలలోని జెనిస్టీను అను ద్రవ్యము ఆకారమున ఈస్ట్రోజెనును పోలియుండును. అది కప్పలో దూరగలదు గాని దాని బలము స్వల్పము. కావున అది బలమైన తాళపుచెవికి అడ్డుపడగలదని శాస్త్రజ్ఞులు తలంచిరి. మొక్కలయందు ఇట్టి శక్తి కలదనుటకు గొఱ్ఱెలే సాక్ష్యము: 1940 తరువాతి యేండ్లలో పశ్చిమ ఆస్ట్రేలియా దేశమున ఒక జాతి క్లోవరు మేసిన గొఱ్ఱెలనేకము ఈనక గొడ్డువోయెను.

అవిసెగింజలలోని లిగ్నానులు మరియొక తెగ. ఈ గింజలు మనము ఆకుకూరకై పెంచు అవిసెచెట్టువి కావు, నూనె తీయు చిన్న పైరువి. మన ప్రేగులలోని సూక్ష్మజీవులు లిగ్నానులను ఎంటరోలాక్టోను అను ద్రవ్యముగా మార్చును. 2005లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, శస్త్రచికిత్సకై వేచియున్న స్తన క్యాన్సరు రోగులకు దినమునకు 25 గ్రాముల అవిసెగింజలు ఆహారమున నొసగగా, కంతిలో కణవిభజన తగ్గెను. అయితే ఆ రోగులు కొలదిమందియే.

షాంఘై నగరమున స్తన క్యాన్సరు చికిత్స పొందిన 5,042 మంది స్త్రీలను పరిశీలింపగా, సోయా ఆహారమును ఎక్కువగా తినువారిలో వ్యాధి తిరుగబెట్టుటయు మరణములును తక్కువగా నుండెనని 2009లో తేలెను. కాని వారి యితర అలవాట్లును భిన్నములై యుండవచ్చును గదా! కావున దీనిని సూచనగా గ్రహింపవలెనే గాని, రుజువుగా గాదు.

ఎలుకలపై చేసిన ప్రయోగములు మరియొక హెచ్చరిక నొసగుచున్నవి. అండకోశములు తీసివేసిన ఎలుకలలో మనుష్యుల స్తన క్యాన్సరు కణములను నాటి, వేరుచేసిన జెనిస్టీనును తినిపింపగా కంతులు పెరిగెను. శరీరమున సహజ హార్మోను కొఱవడినచోట, బలహీనమైన తాళపుచెవియే కప్పను తెరచెనన్నమాట. వృక్షతైలములలో నుండు విటమిను ఇ సంగతియు నిట్టిదే. దానిని మాత్రలుగా నిచ్చి 35,000 మందికి పైగా పురుషులపై జరిపిన పరీక్షలో, ఆ విటమినునే పుచ్చుకొన్నవారికి ప్రోస్టేటు క్యాన్సరు నూటికి 17 వంతులు ఎక్కువయ్యెనని 2011లో వెల్లడియయ్యెను.

కావున పప్పులు, కూరలు, గింజలు భోజనమున నుండుట మంచిదే. వాని సారము తీసి మాత్రలుగా మ్రింగుట వేరు. వ్యాధిని నెమ్మదింపజేయుట వేరు, కుదుర్చుట వేరు. టామాక్సిఫెను అను ఔషధము కూడ స్తన కణములలో ఆ కప్పనే అడ్డగించును; వేలకొలది రోగులలో దాని ఫలము రుజువైనది. ఏ గింజకును అట్టి రుజువు లేదు.

విద్యార్థులారా! మన యిండ్లలో ఏ తల్లికైనను స్తనమున గడ్డ తగిలినచో, సిగ్గుచే దాచియు, పథ్యములను నమ్మియు కాలము పోగొట్టుట ప్రాణాపాయము. వెంటనే వైద్యునకు చూపుమని చెప్పుడు. ఆమె భోజనమును గూర్చి ఆ వైద్యునే అడుగుడు.