చంచల యెవరు?

‘చంచల’, ‘చపల’ అను పదములు మెరుపునకు పేర్లని అమరకోశము చెప్పుచున్నది. లోకము ఈ పేర్లనే లక్ష్మీదేవికిని పెట్టినది. సంపద నేడొకరి యింట, రేపు వేరొకరి యింట కనిపించుటయే ఇందులకు కారణము.

హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ పేరులోనే ‘శ్రీ’ యున్నది. అచట ఒకనాటి విడి యిండ్ల స్థానమున పలు అంతస్తుల భవనములు లేచినవి; ఇండ్లు మారినవి, యజమానులు మారిరి. ఆ కాలనీలోనే వెలసిన వేంకటేశ్వరస్వామికి మాత్రము శ్రీనివాసుడను పేరు మారలేదు. శ్రీ ఆయన వక్షఃస్థలమున స్థిరముగ నివసించునని ఆ నామమునకు అర్థము.

విష్ణుపురాణము ఆమెను ‘అనపాయిని’ అన్నది. అనగా హరిని ఎన్నడును ఎడబాయనిది. శ్రీరాముడు అడవికేగినపుడు రాజ్యము వెంటరాలేదు, సీత వచ్చినది. పోయినది సంపద, శ్రీ పోలేదు.

కావున కదలునది ధనము. అంతకంటె వేగముగ కదలునది మనస్సు. దానిని నిలుపుట గాలిని పట్టుటవలె కష్టమని గీత ఆఱవ అధ్యాయమున అర్జునుడు మొరపెట్టెను. భగవానుడు కాదనలేదు, అభ్యాసము, వైరాగ్యము అను రెండు సాధనములను చూపెను. చెదరిన మనస్సును మరల మరల స్వామికడకు తెచ్చుట అభ్యాసము. రాకపోకలకు పొంగక, క్రుంగక యుండుట వైరాగ్యము.

లాభము కలిగిన నాడు మ్రొక్కి, నష్టము కలిగిన నాడు దైవమును నిందించు గృహస్థుడు చాంచల్యమును అమ్మవారికి అంటగట్టరాదు, అది తనదే. రాబడి తగ్గిన నెలలోను సంధ్యాదీపము వేళ తప్పని యింట ఆ తల్లి నిలిచియే యున్నది.