ఏబీఎస్ లైట్ ఆరితే బ్రేక్ బాగైనట్టేనా? ఎలక్ట్రిక్ డెలివరీ వ్యాన్‌లో మాడ్యూల్ మార్పు, మొదటి నుంచి చివరి దాకా

ఫోన్‌లో డిస్‌ప్లే మార్చాక టచ్ సరిగ్గా పనిచేయకపోతే ఏం చేస్తాం? మళ్లీ షాప్‌కి వెళ్తాం. పోయేది ఒక సాయంత్రం మాత్రమే. బ్రేక్ విషయంలో ఆ రెండో ఛాన్స్ ఉండదు. ఈ ఆర్టికల్ రాయడానికి కారణం అదే.

వికారాబాద్ జిల్లా దౌల్తాబాద్‌లో మా బావకు చిన్న ఎలక్ట్రిక్ డెలివరీ వ్యాన్ ఉంది. తాండూరులో కిరాణా సరుకు, పార్సిళ్లు ఎక్కించుకుని కొడంగల్ మీదుగా ఊళ్లలో దుకాణాలకు వేస్తాడు. పోయిన వానాకాలంలో ఒకరోజు ఫోన్ చేసి, "బామ్మర్దీ, చార్జింగ్ మునుపటి లెక్క వస్తలేదు. బ్యాటరీ పోయినట్టుంది, జర చూస్తవా?" అన్నాడు. డ్యాష్‌బోర్డ్ ఫొటో పంపమన్నా. బ్యాటరీ బాగానే ఉంది. పక్కన పసుపు రంగులో ఏబీఎస్ లైట్ వెలుగుతోంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెకానిక్‌ని కాను. పని చేసింది మెకానిక్, పక్కన కూర్చుని మాన్యువల్ చదివింది నేను. ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెప్తాను.

ఏబీఎస్ మాడ్యూల్ లోపల ఏముంటుంది?

బానెట్ కింద అరచేతిలో పట్టేంత అల్యూమినియం దిమ్మ ఒకటి కనిపిస్తుంది. దానికి ఒకవైపు పంప్ మోటార్, ఇంకోవైపు నల్లటి ప్లాస్టిక్ డబ్బాలో కంప్యూటర్ ఉంటాయి. దిమ్మ లోపల ఒక్కో చక్రానికి రెండు వాల్వులు. ఒకటి బ్రేక్ ఆయిల్ ప్రెషర్‌ని లోపలికి పంపేది, రెండోది బయటికి వదిలేది. నాలుగు చక్రాలకు కలిపి 8. ఈఎస్‌సీ కూడా ఉంటే సాధారణంగా 12.

లాజిక్ సింపుల్. వ్యాన్ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఒక చక్రం మాత్రం 40కి తగ్గ వేగంతో తిరుగుతోందనుకోండి. తేడా 10, అంటే స్లిప్ 20 శాతం. తారు రోడ్డు మీద టైరుకు ఎక్కువ పట్టు దొరికేది సుమారు 10 నుంచి 20 శాతం స్లిప్ దగ్గర. చక్రం పూర్తిగా ఆగి జారితే స్లిప్ 100 శాతం, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. అందుకే మాడ్యూల్ సెకనుకు చాలాసార్లు ప్రెషర్‌ని వదులుతూ, పట్టుకుంటూ, మళ్లీ పెంచుతూ ఉంటుంది. బ్రేక్ పెడల్ కాలి కింద టకటకమని కొట్టుకునేది దీనివల్లే.

ఇది కొత్త టెక్నాలజీ కాదు. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లోనే మెర్సిడెస్ ఎస్-క్లాస్ కారులో వచ్చింది. మన దేశంలో 125 సీసీ దాటిన బైక్‌లకు 2018 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో, 2019 ఏప్రిల్ నుంచి అన్నింటిలో తప్పనిసరి చేశారు. అంటే మీలో చాలామంది రోజూ దీని మీదే తిరుగుతున్నారు.

ఏబీఎస్ పోతే రేంజ్ ఎందుకు తగ్గింది?

ఎలక్ట్రిక్ బండిలో బ్రేకులు రెండు రకాలు. ఒకటి డిస్క్ లేదా డ్రమ్ బ్రేక్. రెండోది రీజెన్. యాక్సిలరేటర్ వదిలితే మోటారే జనరేటర్‌లా మారి బండిని నెమ్మదిస్తూ బ్యాటరీకి కరెంట్ పంపుతుంది. తడి రోడ్డు మీద రీజెన్ గట్టిగా పట్టుకున్నా చక్రం జారుతుంది. అప్పుడు "రీజెన్ ఆపేయ్" అని మోటార్ కంట్రోలర్‌కు చెప్పాల్సింది ఏబీఎస్ మాడ్యూలే. అది పనిచేయకపోతే చాలా బండ్లు ముందుజాగ్రత్తగా రీజెన్‌ని తగ్గిస్తాయి లేదా పూర్తిగా ఆపేస్తాయి. బావ వ్యాన్‌లో జరిగింది ఇదే. వెనక్కి రావాల్సిన కరెంట్ రాలేదు. అది బ్యాటరీ తప్పు కాదు.

ముందు అసలు తప్పు మాడ్యూల్‌దేనా చూడండి

దగ్గర్లోని ఒక షాప్‌లో స్కానర్ పెట్టకుండానే "మాడ్యూల్ పోయింది, పాతది సగం ధరకు ఇప్పిస్తా" అన్నారు. ఇక్కడ ఆగాలి. ఏబీఎస్ లైట్ వెలగడానికి మాడ్యూల్ కాకుండా ఇంకా చాలా కారణాలు ఉంటాయి.

మొదట 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూడాలి. పెద్ద బ్యాటరీ ఫుల్‌గా ఉన్నా ఇది వీక్ అయితే తప్పుడు కోడ్‌లు వస్తాయి. తర్వాత స్కానర్ పెట్టి, చెరిపే ముందు కోడ్‌లన్నీ సేవ్ చేసుకోవాలి. సి అక్షరంతో మొదలైతే చాసిస్ కోడ్, యు అయితే కమ్యూనికేషన్ కోడ్. ఉదాహరణకు సి0035 అంటే ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్. యు0121 అంటే ఏబీఎస్ మాడ్యూల్‌తో మిగతా కంప్యూటర్లకు మాట కలవడం లేదని.

తర్వాత నాలుగు చక్రాల స్పీడ్‌ని లైవ్‌లో పోల్చాలి. మూడు 20 చూపించి ఒకటి సున్నా చూపిస్తే ముందు ఆ సెన్సర్, దాని వైరు, దాని రింగ్ చూడాలి. తాండూరు వైపు బండ్లకు నాపరాయి దుమ్ము అలవాటే. ఆ రాయి పొడి అయస్కాంతానికి అంటదు. కానీ వానకు తడిసి ఎండితే సెన్సర్ చుట్టూ, కనెక్టర్ల దగ్గర పెచ్చుకడుతుంది. అయస్కాంతానికి అంటేది బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి. రెండూ తుడిచి చూడాలి. ఒక జాగ్రత్త: హాల్ టైప్ సెన్సర్లను మల్టీమీటర్‌తో ఓమ్‌లలో కొలవకండి. లోపల సర్క్యూట్ ఉంటుంది, దెబ్బతినొచ్చు.

చివరగా ఫ్యూజ్, ఎర్త్ వైర్. పంప్ తిరగాల్సిన సమయంలో ఎర్త్ దగ్గర వోల్టేజ్ డ్రాప్ కొలవాలి. మా విషయంలో సెన్సర్లు నాలుగూ బాగున్నాయి, ఫ్యూజ్ బాగుంది, ఎర్త్ బాగుంది. పంప్ మోటార్ సర్క్యూట్ కోడ్ మాత్రం చెరిపిన ప్రతిసారీ తిరిగొచ్చింది. అప్పుడే మాడ్యూల్ మార్చాలని నిర్ణయించాం. షాప్ వాళ్లు చూపించిన పాతదాని పార్ట్ నంబర్ కలవలేదు, అది వేరే వీల్‌బేస్ వ్యాన్‌ది. కొత్తదే తెప్పించాం.

మార్చే పద్ధతి

ఇది ఇంట్లో చేసే పని కాదు. మీ బండి మెకానిక్ చేతిలో ఉన్నప్పుడు ఏ స్టెప్ వదిలేశారో మీకు తెలియాలని రాస్తున్నా.

1. పాత మాడ్యూల్ ఇంకా మాట్లాడుతుంటే దాని పార్ట్ నంబర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కోడింగ్ సేవ్ చేసుకోవాలి. ఫోన్ ఫార్మాట్ చేసే ముందు బ్యాకప్ తీసినట్టే.

2. మాన్యువల్‌లో చెప్పిన వరుసలో బండిని షట్‌డౌన్ చేయాలి. నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజ్‌వి, వాటి జోలికి వెళ్లేది ట్రైనింగ్ ఉన్నవాళ్లే. ఎలక్ట్రిక్ బూస్టర్ ఉన్న కొన్ని బండ్లలో డోర్ తీసినా బ్రేక్ సిస్టమ్ నిద్ర లేచి ప్రెషర్ పెంచుతుంది. అలాంటివాటిలో ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

3. పెడల్‌ని కాస్త కిందికి నొక్కి కర్రతో ఆపి ఉంచితే మాస్టర్ సిలిండర్‌లోని దారి మూసుకుంటుంది. పైపులు విప్పినప్పుడు ఆయిల్ అంతా కారిపోదు.

4. పైపులు విప్పే ముందు ఫొటో తీసి, ఒక్కోదానికి టేప్ అంటించి పేరు రాయాలి. మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చేవి రెండు, చక్రాలకు వెళ్లేవి నాలుగు. మామూలు పానాతో విప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి, ఫ్లేర్ నట్ పానా కావాలి. తెరిచిన రంధ్రాలన్నింటికీ మూతలు పెట్టాలి.

5. కొత్తది బిగించాక ఎయిర్ తీయాలి. పెడల్ కొట్టి చక్రాల దగ్గర ఎయిర్ తీస్తే బయటి పైపుల్లోదే పోతుంది. మాడ్యూల్ లోపల మూసుకుని ఉన్న వాల్వుల వెనక చిక్కిన గాలి రావాలంటే స్కానర్‌తో పంప్‌ని, వాల్వులని ఆడించాలి. ఆయిల్ కొత్త సీసాలోదే వాడాలి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరి ఉంటే పెడల్ నేలకు దిగిపోతుంది.

6. తర్వాత కోడింగ్. చాసిస్ నంబర్, వేరియంట్, టైర్ సైజ్ మాడ్యూల్‌కు నేర్పాలి. స్టీరింగ్ యాంగిల్, ప్రెషర్ సెన్సర్ ఉంటే వాటిని కాలిబ్రేట్ చేయాలి. మధ్యలో 12 వోల్టుల సప్లై పడిపోకూడదు. అప్‌డేట్ మధ్యలో ఫోన్ ఆఫ్ అయితే ఏమవుతుందో మీకు తెలుసు కదా.

లైట్ ఆరిపోయింది, కానీ...

మూడో రోజు సాయంత్రానికి ఇవన్నీ అయ్యాయి. లైట్ ఆరింది. పెడల్ గట్టిగా ఉంది. కోడ్‌లు సున్నా. బావ తాళం చెవి అందుకున్నాడు, మరుసటి రోజు సరుకు ఉంది. మెకానిక్ కూడా చేతులు కడుక్కుంటున్నాడు. మాన్యువల్‌లో ఇంకో పేజీ మిగిలుందని నేను అన్నాను. "లైట్ పోయింది కదా, ఇంకేం చూస్తవ్?" అన్నాడు బావ.

ఆ పేజీలో ఉన్నది అవుట్‌పుట్ టెస్ట్. బండిని స్టాండ్ల మీద ఎత్తి, ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి. స్కానర్‌లో "ముందు ఎడమ రిలీజ్" అని కమాండ్ ఇస్తే ఆ చక్రం చేత్తో తిప్పగలగాలి, మిగతా మూడూ బిగుసుకుని ఉండాలి. కమాండ్ ఇచ్చాం. ముందు ఎడమ చక్రం కదల్లేదు. మెకానిక్ అటు తిరిగి కుడి చక్రం పట్టుకుంటే అది తిరిగింది.

ముందు చక్రాల పైపులు రెండూ తారుమారు అయ్యాయి. నట్ల సైజ్ ఒకటే, టేప్ మీద రాసిన అక్షరాలు ఆయిల్ తగిలి చెరిగిపోయాయి.

మరి మాడ్యూల్ ఎందుకు కనిపెట్టలేదు? అది తన వైర్లని, వాల్వ్ కాయిళ్లని, పంప్‌ని చెక్ చేసుకోగలదు. ఏ పైపు ఏ చక్రానికి వెళ్తుందో దానికి తెలిసే దారి లేదు. మన భాషలో చెప్పాలంటే కోడ్ కంపైల్ అయింది, ఎర్రర్ లేదు, రెండు ఇండెక్స్‌లు మాత్రం అటూ ఇటూ అయ్యాయి. మామూలు బ్రేక్‌లో తేడా తెలియదు, ఎందుకంటే అప్పుడు వాల్వులకు పని ఉండదు.

ఇప్పుడు ఊహించండి. వాన పడింది. ఎదురుగా బస్సు వస్తోంది, దారి ఇవ్వడానికి బావ ఎడమ చక్రాలను బురదలోకి దించాడు. సరిగ్గా అప్పుడే ఒక గేదె అడ్డొచ్చింది, బ్రేక్ గట్టిగా కొట్టాడు. ముందు ఎడమ చక్రం జారుతుంది. మాడ్యూల్ "ఎడమ వదులు" అంటుంది. వదిలేది మాత్రం తారు మీద పట్టు ఉన్న కుడి చక్రాన్ని. ఎడమది జారుతూనే ఉంటుంది. ఉన్న ఒక్క మంచి బ్రేక్‌ని కాపాడాల్సిన యంత్రమే తీసేస్తుంది. ఏబీఎస్ అసలు లేకపోవడం కంటే ఇది ప్రమాదం.

పైపులు సరిచేసి, మళ్లీ ఎయిర్ తీసి, నాలుగు చక్రాలకూ టెస్ట్ చేశాం. నాలుగో రోజు పొద్దున ఎవరూ లేని ఖాళీ జాగాలో మొదట నడక వేగంతో, తర్వాత కొంచెం కొంచెం పెంచి బ్రేక్ కొట్టి చూశాం. పెడల్ టకటకమంది, బండి వంకర పోలేదు. రీజెన్ తిరిగొచ్చింది, రేంజ్ కూడా.

గుర్తుపెట్టుకోవాల్సింది

బ్రేక్ పని అయ్యాక మెకానిక్‌ని మూడు ప్రశ్నలు అడగండి. స్కానర్‌తో లోపలి ఎయిర్ తీశారా? కోడింగ్ చేశారా? ఒక్కో చక్రానికి అవుట్‌పుట్ టెస్ట్ చేశారా? మూడింటికీ అవును వస్తేనే తాళం తీసుకోండి.

2023లో ప్రకటించిన తెలంగాణ మొబిలిటీ వ్యాలీ ప్లాన్‌లో వాహనాల టెస్టింగ్ కోసం ఎంచుకున్న చోటు ఎన్కతల, అది మా వికారాబాద్ జిల్లాలోనే ఉంది. కొత్త బండ్లను పరీక్షించడం ఎంత అవసరమో, రిపేర్ అయిన బండిని పరీక్షించడం కూడా అంతే అవసరం. బ్రాంచ్ ఏదైనా బీటెక్ చదివేవాళ్లకు ఇది నేర్చుకోదగ్గ పని.

మా మెకానిక్ ఇప్పుడు పైపులకు పేర్లు రాయడం మానేసి, రంగు రంగుల ప్లాస్టిక్ క్లిప్పులు పెడుతున్నాడు. బావ అయితే ఎవరి బండిలో లైట్ ఆరిందని విన్నా ముందు అడిగేది ఒకటే: "చక్రం తిప్పి చూసిన్రా?"