యాంగోన్‌లో వెబ్‌సైట్ చేయించుకోవాలంటే: మొదటి మాట నుంచి చివరి వాయిదా దాకా

2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో ఫేస్‌బుక్ ఆపేసినప్పుడు యాంగోన్‌లోని చిన్న వ్యాపారులకు దిక్కుతోచలేదు. 2014లో టెలినార్, ఊరీడూ కంపెనీలు వచ్చి సిమ్ కార్డును 1,500 క్యాట్‌లకు దించినప్పటి నుంచీ ఇక్కడి జనానికి ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే. చిరునామా, ధరల పట్టిక, ఫొటోలు అన్నీ అందులోనే ఉండేవి. 2024 మే చివర్లో, ఆ అడ్డును దాటించే వీపీఎన్‌లను కూడా ఆపడం మొదలయ్యాక, సొంత సైట్ ఒకటి ఉండి తీరాలన్న మాట మన తెలుగు కుటుంబాల్లోనూ వినిపిస్తోంది. వంటల వ్యాపారానికైనా, ట్యూషన్ సెంటర్‌కైనా, గుడి కమిటీకైనా పని తీరు ఒక్కటే.

మొదట తేల్చుకోవలసింది ఏ ఊరి మనిషితో చేయించాలన్నది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో బంధువుల అబ్బాయి ఉంటాడు, తెలుగులో మాట్లాడుకోవచ్చు, మనసు అటే లాగుతుంది. నా సలహా మాత్రం యాంగోన్ మనిషినే చూసుకోమని. పేపాల్ మయన్మార్‌లో ఖాతా ఇవ్వదు. బ్యాంకు ద్వారా విదేశానికి డాలర్లు పంపాలంటే అనుమతుల చుట్టూ తిరగాలి. బ్యాంకు బయట నడిచే హుండీ ద్వారా పంపడం రెండు దేశాల్లోనూ చట్టవిరుద్ధం. మధ్యలో డబ్బు పోతే ఎవరినీ నిలదీయలేం. అదే యాంగోన్ మనిషైతే క్యాట్‌లలో ఇవ్వచ్చు, టీ కొట్టులో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు.

రెండో కారణం లిపి. దాని తిప్పలు ఇక్కడి మనిషికే బాగా తెలుస్తాయి. బర్మీస్ అక్షరాలు చాలా ఏళ్లు జాగీ అనే ఫాంట్‌లో నడిచాయి. అది యూనికోడ్ పద్ధతికి సరిపోదు. 2019 అక్టోబర్ 1న దేశమంతా యూనికోడ్‌కు మారాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయినా పాత ఫైళ్లలోంచి తెచ్చి అతికించిన జాగీ పాఠం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. కాబట్టి డిజైనర్ ఇదివరకు చేసిన సైట్‌ను మీ ఫోన్‌లో తెరవండి. అందులోంచి ఒక బర్మీస్ వాక్యాన్ని కాపీ చేసి గూగుల్‌లో అతికించండి. అక్షరాలు చెదిరినా, ఆ సైట్ వెతుకులాటలో దొరక్కపోయినా అనుమానించాలి. మీకు తెలుగు పేజీ కూడా కావాలంటే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ అని టైప్ చేసి చూపించమనండి. వత్తులు పక్కకు జారితే ఆ ఫాంట్ పనికిరాదు. ఈ పరీక్షకు పది నిమిషాలు కూడా పట్టదు. చూపించడానికి ఇష్టపడని మనిషితో ముందుకు వెళ్లకపోవడమే మంచిది.

తర్వాత, ఆ డిజైనర్ పాత కస్టమర్లిద్దరికి ఫోన్ చేయండి. పని బాగా చేశారా అని అడిగితే మొహమాటానికి బాగానే చేశారంటారు. ‘మీ సైట్ పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గరున్నాయి?’ అని అడగండి. ‘ఆయన దగ్గరే’ అంటే జాగ్రత్త పడాలి.

ఇక కాగితం. ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర మొహమాటం బర్మీయులకూ ఎక్కువే, మనకూ ఎక్కువే. అందుకే నోటిమాటను నమ్ముకోకుండా ఒక్క పేజీ రాసుకోవాలి. ఎన్ని పేజీలు, ఏయే భాషలు, ఫొటోలు ఎవరు ఇస్తారు, బర్మీస్ పాఠం ఎవరు టైప్ చేస్తారు, మార్పులు ఎన్నిసార్లు, కరెంటు కోతల వల్ల ఆలస్యమైతే ఎన్ని రోజులు గడువు అన్నవి అందులో ఉండాలి. మయన్మార్‌లో 2019 నాటి కాపీరైట్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. పూర్తి సొమ్ము ముట్టాక డిజైన్ మీద హక్కులు మీకే చెందుతాయని స్పష్టంగా రాయించుకోండి. ఇద్దరూ సంతకం పెట్టి చెరొక ప్రతి ఉంచుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు డొమైన్ పేరు దగ్గర వస్తుంది. డాట్ కామ్ పేరు కొనడానికి సాధారణంగా అంతర్జాతీయ కార్డు కావాలి. మనలో చాలామందికి అది ఉండదు. డిజైనర్ తన కార్డుతో, తన ఈమెయిల్‌తో కొనేస్తారు. ఇల్లు కట్టించి దస్తావేజు తాపీమేస్త్రీ పేరున రాయించినట్టే అది. రేపు ఆయన ఊరు మారినా, ఫోన్ మార్చినా మీ పేరు మీ చేతిలో ఉండదు. కార్డు ఆయనదే అయినా ఫర్వాలేదు, ఖాతా మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ పేరున తెరిపించండి. కొన్న వెంటనే ఒక ధ్రువీకరణ ఈమెయిల్ వస్తుంది. 15 రోజుల్లోగా అందులోని లింకు నొక్కకపోతే డొమైన్ ఆగిపోవచ్చు. ఆ ఈమెయిల్ మీ ఇన్‌బాక్స్‌కే రావాలి. ఎక్కడికో వెళ్లిందంటే ఖాతా మీది కాదన్నమాట. హోస్టింగ్‌కూ ఇదే పద్ధతి.

డబ్బు విషయంలో ఇద్దరి క్షేమమూ చూడాలి. 2021కి ముందు డాలరు సుమారు 1,330 క్యాట్‌లు. 2022 ఆగస్టులో అధికారిక ధర 2,100 అయింది, ఆ నెలాఖరుకు బజారులో 4,000 దాటింది. ఇలాంటి చోట మూడు నెలల తర్వాత ఇస్తామనడం పనిచేసినవాడి కడుపు కొట్టడమే. పని చిన్న ముక్కలుగా, వాయిదాలు దగ్గర దగ్గరగా ఉండాలి. సంతకం నాడు పావు వంతు, మొదటి పేజీ మీ ఫోన్‌లో తెరుచుకున్నాక మరో పావు, అన్ని పేజీలూ అయ్యాక ఇంకో పావు, పూర్తిగా అప్పగించాక మిగతాది. మొదటి పావు వద్దని బేరమాడకండి. ఆయనకూ నమ్మకం కావాలి కదా.

కేబీజెడ్‌పే, వేవ్‌పే లాంటి ఫోన్ వాలెట్‌ల ద్వారా పంపేటప్పుడు ముందు 1,000 క్యాట్‌లు పంపి, తెరమీద కనిపించే పేరు ఒప్పందంలోని పేరేనా అని చూడండి. ‘మా తమ్ముడి ఖాతాకు వేయండి’ అంటే ఒప్పుకోకండి. రాజకీయ అనుమానంతో ఖాతాలు స్తంభింపజేస్తున్న రోజులివి, తెలియని మూడో మనిషి ఖాతాతో మీ పేరు ముడిపడకూడదు. వాయిదా దేనికన్నది నోట్‌లో రాయండి. స్క్రీన్‌షాట్‌ను మార్చడం తేలిక కాబట్టి, ఆయన కూడా స్క్రీన్‌షాట్ చూసి సరిపెట్టుకోకుండా తన ఖాతాలో సొమ్ము చేరిందో లేదో చూసుకోవాలి. ఆ సంగతి మీరే చెప్పండి.

మధ్యలో ఏజెంట్ ఉంటే ఇంకో మాట. ఒకప్పుడు, యాంగోన్‌ను రంగూన్ అనే రోజుల్లో, ఇక్కడి రేవులోనూ రైస్ మిల్లుల్లోనూ కోరంగీలని పిలిపించుకున్న మన తెలుగు కూలీలు మేస్త్రీల కింద పనిచేశారు. మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇచ్చి, కూలి డబ్బులు తన చేతిమీదుగా తీసుకుని, అందులో కోతపెట్టి మిగిలింది ఇచ్చేవాడు. మళ్లీ అలా జరగకుండా, ఏజెంట్ రుసుము వేరే తేల్చుకుని, పనిచేసే మనిషి డబ్బు నేరుగా ఆ మనిషికే ఇవ్వండి.

చివరి వాయిదాకు ముందు ఒక పూట తీరిక చేసుకోండి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ప్రతి పేజీ తెరవండి. ఫొటోలు బరువెక్కి పేజీ కదలకపోతే తగ్గించమనండి. మీకు మీరే ఒక చిన్న మార్పు చేసి చూడండి, ధర మార్చడమో, ఫొటో పెట్టడమో. సైట్ మొత్తం బ్యాకప్ మీ కంప్యూటర్‌లోకి దింపించుకోండి. అన్నీ సరిపోతే అక్కడే కూర్చుని, ఆయన ఎదుటే మిగతా సొమ్ము పంపేయండి. ఆ తర్వాత పాస్‌వర్డ్‌లు మార్చి, ఆయన అడ్మిన్ ఖాతా తీసేయండి, ఆ సంగతి ఆయనకు చెప్పే చేయండి. డొమైన్ గడువు తేదీని ఇంట్లో ఇద్దరి ఫోన్‌లలో గుర్తు పెట్టుకోండి. ఏడాది తర్వాత రెన్యువల్‌కు మళ్లీ ఆయన కార్డే కావలసి రావచ్చు.