పాఠం: కుమ్మరి మొల్ల, వాల్మీకి రామాయణం, మీ అమ్మమ్మ మాట

పిల్లలూ, పోయిన ఆదివారం మన కమ్మింగ్ క్లాసులో ఒక అబ్బాయి "టీచర్, నాకు తెలుగు సరిగ్గా రాదు, నేను పైకి చదవను" అన్నాడు. ఆ అబ్బాయే అంతకుముందు వారం వాళ్ళ అమ్మమ్మగారికి తోడుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. అమ్మమ్మ "ఒళ్ళంతా లాగేస్తోంది నాయనా" అన్నారు. వాడు మొదట "బాడీ ఈజ్ పుల్లింగ్" అని చెప్పాడట. డాక్టర్‌కి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు వాడు అమ్మమ్మ వైపు తిరిగి ఎక్కడ లాగుతోంది, నొప్పా, నీరసమా, ఎప్పటి నుంచి అని అడిగాడు. కాళ్ళూ భుజాలూ నొప్పులు, రెండు రాత్రులుగా నిద్ర లేదు అని తెలిసింది. అదే ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టర్ మందు రాశారు.

ఒక భాషలోని మాటను ఇంకో భాషలో చెప్పడాన్ని అనువాదం అంటాం. వాడు మొదట మాటను మార్చాడు, రెండోసారి అర్థాన్ని మార్చాడు. రెండోది కష్టం. దాన్ని చాలా బాగా చేసిన ఒక తెలుగు ఆవిడ గురించి ఇవాళ చదువుదాం.

ఆమె పేరు మొల్ల. మొల్ల అంటే మల్లె జాతి పువ్వు. కడప జిల్లాలో బద్వేలు దగ్గర గోపవరం ఆమె ఊరు. తండ్రి పేరు ఆతుకూరి కేసన. వాళ్ళది కుమ్మరుల ఇల్లు, అంటే మట్టితో కుండలు చేసేవాళ్ళు. ఆమె 16వ శతాబ్దంలో, అంటే సుమారు 500 ఏళ్ళ కిందట జీవించిందని ఎక్కువమంది పండితులు చెబుతారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం చూడండి.

వాల్మీకి రామాయణం సంస్కృతంలో ఉంది. అందులో 24,000 శ్లోకాలని చెబుతారు. మొల్ల దాన్ని తెలుగులో చెప్పింది. ఆమె పుస్తకంలో పద్యాలూ వచనాలూ కలిపి 900 లోపే! ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ఎంత ఆలోచించి ఉంటుందో చూడండి. వాల్మీకిలో ఏడు కాండలు ఉంటే, మొల్ల ఆరు కాండలతో ఆపేసింది.

పుస్తకం మొదట్లో ఆమె తనకు వ్యాకరణం తెలియదు, శాస్త్రాలు తెలియవు, దేవుడి దయ వల్ల చెబుతున్నాను అంటుంది. నేనైతే నమ్మను! ఛందస్సు తెలియకుండా అన్ని పద్యాలు ఎవరూ రాయలేరు. అది వినయం. మీరు మాత్రం "నాకు రాదు" అంటే నిజంగానే రాదనుకుని మానేస్తున్నారు. మొల్ల అలా అంటూనే పుస్తకం మొత్తం రాసేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. తేనె నాలుకకు తగలగానే నోరు తియ్యగా అవుతుంది కదా, పద్యం వినగానే అర్థం కూడా అలా తెలియాలట. ఎవరికీ తెలియని మాటలు పేర్చి రాస్తే, మాట్లాడలేనివాళ్ళూ వినలేనివాళ్ళూ కబుర్లు చెప్పుకున్నట్టు ఉంటుందట. (ఈ పోలిక ఆ కాలం నాటిది. ఇప్పుడు మనం అలా అనం. చేతులతో చక్కగా మాట్లాడుకునే భాషలు ఉన్నాయని మీకు తెలుసు.)

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. రాముడు, సీత, లక్ష్మణుడు అడవికి వెళ్తూ గంగ దాటాలి. పడవ గుహుడిది. ఆయనకు ఒక భయం పట్టుకుంది. రాముడి కాలి దుమ్ము తగిలి రాయి ఆడమనిషి అయిందని విన్నాడు. మరి ఆ దుమ్ము తన పడవకు తగిలితే ఏమవుతుందో! అందుకని ముందు రాముడి కాళ్ళు కడిగాడు. మన ఇళ్ళల్లో ఊరినుంచి వచ్చినవాళ్ళకు కాళ్ళకు నీళ్ళివ్వడం మర్యాద, భక్తి ఉంటే మనమే కడుగుతాం. గుహుడిది భయమా, భక్తా? రెండూనా? మొల్ల మాత్రం భయంతోనే కడిగాడని చెబుతుంది.

ఈ ముచ్చట వాల్మీకిలో లేదు. అక్కడ అహల్య రాయి కూడా కాదు, బూడిదలో ఎవరికీ కనబడకుండా ఉంటుంది. తరవాత వచ్చిన వేరే రామాయణాల్లో ఈ కథ ఉంది. మొల్ల దాన్ని తెచ్చి తన తెలుగులో పెట్టింది. అంటే ఆమె అనువాదంలో సొంత నిర్ణయం కూడా ఉంది.

అందరూ ఇలా చెయ్యలేరు. మీలో కొందరు స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటున్నారు కదా! స్పెయిన్‌లో ఆరోరా లూకే అనే కవయిత్రి ఉన్నారు. ఆవిడ గ్రీకు భాష టీచర్ కూడా. సుమారు 2,600 ఏళ్ళ నాటి గ్రీకు కవయిత్రి సాఫో కవితల్ని ఆవిడ స్పానిష్‌లోకి తెచ్చారు, ఆ పుస్తకం 2004లో వచ్చింది. సాఫో కవితలు చాలావరకు ముక్కలుగానే మిగిలాయి. కొన్ని చోట్ల ఒకటి రెండు మాటలే ఉంటాయి. అక్కడ మనకు తోచిన మాట అతికిస్తే అది సాఫో మాట కాదు. రామాయణం అలా కాదు, ఊరూరా అందరూ చెప్పుకునే కథ. అందుకే మొల్లకు అంత చనువు.

మీ అమ్మమ్మ మాట డాక్టర్‌కి చెప్పేటప్పుడు మీరు ఎవరిలా ఉండాలి? మొల్లలాగా కొత్త ముచ్చట కలపకూడదు, సరేనా!

మీ పని

1. నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో పక్కింటావిడతో "ఐ విల్ గో అండ్ కమ్" అని చెప్పి ఇంటికి వచ్చేశాను. పాపం, ఆవిడ నేను మళ్ళీ వస్తానని తలుపు తీసి ఉంచారు! నేను ఏ తెలుగు మాటను అలా చెప్పాను? మనం "వెళ్తాను" అని ఎందుకు అనమో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి.

2. అలక, ఎంగిలి, దిష్టి. వీటిలో ఒక మాటను మీ ఇంగ్లీషు స్నేహితులకు చెప్పండి. ఒక్క మాటలో కుదరకపోతే రెండు వాక్యాల్లో చెప్పండి.

3. ఈ వారం అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి, వాళ్ళ ఊళ్ళో మాత్రమే అనే ఒక మాట అడగండి. విన్నది విన్నట్టు తెలుగులో రాసుకుని రండి. తప్పులున్నా ఫరవాలేదు, వచ్చే ఆదివారం కలిసి దిద్దుదాం.