నాకే ఎందుకు చలేస్తోంది?

తెలుగులో చలికి మనం కర్తలం కాము. "నేను చలిస్తున్నాను" అంటే కదులుతున్నానని అర్థం. అది సంస్కృతం నుంచి వచ్చిన మాట, దానికీ మన చలికీ చుట్టరికం లేదు. మనం అనేది "నాకు చలేస్తోంది" అని. ఆకలి, దాహం, భయం, సిగ్గు కూడా ఇలాగే వేస్తాయి. ఎక్కడి నుంచో వచ్చి మన మీద పడతాయి, మన ప్రమేయం ఏమీ ఉండదు.

మాది రెండు భాషల ఇల్లు. అమ్మది కన్నడం, నాన్న వాళ్ళది కోలారు వైపు తెలుగు. పొద్దున్నే అమ్మ "ననగె చళి ఆగ్తిదె" అంటుంది. అవ్వ "నాకు చలేస్తా ఉంది" అంటుంది. మాటలో తేడా ఒక్క ళకారమే. హోసూరు నుంచి బస్సులో వచ్చే మా క్లాసు అమ్మాయికి మాత్రం అమ్మ మాట వింటే నవ్వొస్తుంది, ఎందుకంటే తమిళంలో సళి అంటే కఫం. చలేస్తే వాళ్ళు "ఎనక్కు కుళిరుదు" అంటారు. మూడు భాషల్లోనూ ఉన్నది ఒకటే: నాకు, ననగె, ఎనక్కు. చలి ఎప్పుడూ ఒకరికి వేస్తుంది. ఒకే గదిలో నలుగురం కూర్చుని ఒక్కరికే వేస్తుంటే, కారణం గదిలో ఉందా, ఆ ఒక్కరిలో ఉందా? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

దానికి ముందు తెలుగు విద్యార్థినిగా ఒక మాట. మనకు చలి వేరు, చల్లదనం వేరు. చలి బాధ. చల్లదనం దీవెన. పెద్దవాళ్ళు "చల్లగా ఉండు తల్లీ" అంటారు, "నీ కడుపు చల్లగా" అంటారు. కన్నడంలోనూ "నిన్న హొట్టె తణ్ణగిరలి" అని ఇదే దీవెన ఉంది, మా అమ్మమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో. ఎండాకాలంలో దాహం తీర్చేది చలివేంద్రం. కూతురి కడుపు చలువకని పెట్టేది చలిమిడి. ఎండలు మండే సీమలో పుట్టిన భాష కదా, చల్లగా ఉండడం కంటే గొప్ప కోరిక దానికి తోచలేదు. అయితే దీనివల్ల ఒక చిక్కుంది. ఆడపిల్ల చేతులు మంచులా ఉన్నాయంటే ఎవరూ కంగారుపడరు. "దానిది చలువ ఒళ్ళు" అనేసి ఊరుకుంటారు. మా అమ్మ విషయంలో ఈ మాట చాలా ఏళ్ళు నడిచింది. ఆ సంగతి తరువాత చెప్తాను.

ముందు గది సంగతి చూద్దాం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె జరిగే రోజులకు మొదలయ్యే చలి సంక్రాంతి దాటేదాకా ఉంటుంది. జనవరి రాత్రుల్లో సగటున 15, 16 డిగ్రీలు. ఈ ఊళ్ళో నమోదైన అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. ఈ అంకెలు చూసి ఢిల్లీ వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మన ఊళ్ళో చలి వీధిలో కాదు, ఇంట్లో ఉంటుంది. మధ్యాహ్నం డాబా మీద ఎండకు ఒళ్ళు చురుక్కుమంటుంది, అదే సమయంలో కింద నడిమి గదిలో స్వెట్టర్ తీయలేం. మా ఇంట్లో ఉష్ణోగ్రత చూపించే చిన్న గోడ గడియారం ఉంది. పోయిన డిసెంబరులో దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. రెండు గంటల వేళ డాబా మీద నీడలో 26, నడిమి గదిలో 21. మా తమ్ముడికి నేను పిచ్చిదానిలా కనబడ్డాను.

ఎందుకింత తేడా? ఇటుక, కాంక్రీటు నెమ్మదిగా వేడెక్కుతాయి, నెమ్మదిగా చల్లారతాయి. మాది గ్రౌండ్ ఫ్లోర్. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్ళు, మధ్యలో మూడడుగుల సందు. ఎండ గోడను తాకనే తాకదు, కాబట్టి రాత్రి చలి గోడల్లో మధ్యాహ్నం దాకా నిలవుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన ఒంటి వేడి గాలిలోకి మాత్రమే పోదు, ఎదురుగా ఉన్న చల్లటి గోడల వైపు కూడా కిరణాలుగా పోతూ ఉంటుంది. అందుకే గడియారంలో అంకె బాగానే ఉన్నా వీపు జివ్వుమంటుంది. మంచం గోడకు ఒక జానెడు దూరం జరిపితే తేడా తెలుస్తుంది.

నేల గురించి అవ్వ చెప్పేదే నిజం. ఆమె ఎవరినీ వట్టి నేల మీద కూర్చోనివ్వదు. చాప, పీట, కనీసం మడత పెట్టిన గోనెసంచి. నిజానికి ఆ గదిలో గ్రానైటు నేలా, చాపా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. రాయి మన వేడిని గబగబా లాగేసుకుంటుంది, చాప లాగలేదు, అంతే. పాదానికి తెలిసేది రాయి ఎంత చల్లగా ఉందన్నది కాదు, మన వేడి ఎంత వేగంగా పోతోందన్నది. అవ్వ కప్పుకునే కంబళి పని కూడా ఇదే. కురుబలు నేసే నల్ల కంబళి అది, ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. ఆ గొర్రె ఉన్ని వేడిని పుట్టించదు, పోగుల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు. మందంగా ఉన్న స్వెట్టర్ ఒకటి వేసుకునే కంటే పల్చటివి రెండు వేసుకోమనడం ఇందుకే.

ఇక మనుషుల సంగతి. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలం బల్బు ఒకటి వెలిగినట్టు. నడిస్తే అది రెండు మూడింతలవుతుంది. చలికీ చలనానికీ చుట్టరికం లేదన్నాను కానీ, మందు మాత్రం అదే. సెమిస్టరు పరీక్షల ముందు మనం గంటల తరబడి కదలకుండా కూర్చుంటాం, అదీ ఇంట్లోకెల్లా చల్లటి గదిలో, ఎందుకంటే టీవీ లేని గది అదొక్కటే. ఆడవాళ్ళకు సగటున కండ తక్కువ కాబట్టి కూర్చున్నప్పుడు పుట్టే వేడీ తక్కువ. ఆఫీసుల్లో ఏసీ ఎంత ఉండాలో చెప్పే లెక్కను 1960లలో సగటు మగవాడి ఒంటిని బట్టి వేశారు. ఆ లెక్క ఆడవాళ్ళకు సరిపోదని 2015లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చూపించారు. మన పక్కింటి అక్కలు ఆఫీసుకు శాలువ పట్టుకెళ్ళేది అందుకే కాబోలు.

ఇంతవరకూ అందరికీ వర్తించేదే. ఇప్పుడు అమ్మ.

మా అమ్మకు మార్చిలో కూడా చలేసేది. మేమంతా ఫ్యాన్ వేసుకుంటే ఆమె కొంగు కప్పుకుని వంటింట్లోకి పోయేది, పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని. మెట్లెక్కితే ఆయాసం. బియ్యం చెరుగుతూ గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకునేది. పచ్చి బియ్యం తింటే పెళ్ళిలో వాన పడుతుందని అవ్వ నవ్వేది, పెళ్ళై ఇరవై ఏళ్ళయింది కదా ఇంకేం వాన అని అమ్మా నవ్వేది. "నీది చలువ ఒళ్ళమ్మా" అనే మాటతో అన్నీ సర్దుకుపోయేవి. చివరికి వేరే పని మీద రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.2 ఉంది. గర్భవతులు కాని ఆడవాళ్ళకు 12 అన్నా ఉండాలి. పచ్చి బియ్యం, మట్టి, సుద్దముక్క తినాలనిపించడం కూడా ఇనుము తగ్గినవాళ్ళలో కనబడే లక్షణమని డాక్టరమ్మ చెప్పినప్పుడు మా అవ్వ మొహం చూడాలి. ఆమె ఆ తరువాత వాన మాట ఎత్తలేదు.

రక్తానికీ చలికీ సంబంధం ఏమిటి? ఒంట్లో వేడి పుట్టాలంటే ప్రాణవాయువు కావాలి. దాన్ని మోసేది హిమోగ్లోబిన్, హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. ఇనుము తగ్గితే వేడిని నడిపించే థైరాయిడ్ హార్మోన్ల పని కూడా మందగిస్తుంది. 1990లో అమెరికాలో జాన్ బియర్డ్, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం అచ్చువేశారు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళనూ, లేనివాళ్ళనూ చల్లటి నీళ్ళలో ఉంచి చూస్తే, రక్తహీనత ఉన్నవాళ్ళ ఒంటి వేడి ఎక్కువగా పడిపోయింది. ఇనుము ఇచ్చాక వాళ్ళ పరిస్థితి మెరుగుపడింది. అంటే అమ్మకు వేసిన చలి ఆమె స్వభావం కాదు.

ఇది ఒక్క మా ఇంటి కథ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. 15-19 వయసులో 59 మంది, అంటే మన వయసు. కర్ణాటకలో కొంత మెరుగు, నూటికి 48. ఈ గోడపత్రిక ముందు నలుగురు నిలబడి చదువుతుంటే లెక్క మీరే వేసుకోండి. నెలనెలా రక్తం పోవడం ఒక కారణం, తినేది చాలకపోవడం ఇంకొకటి. అందరికీ వడ్డించాక మిగిలింది తినే అలవాటు గురించి నేను రాయడం మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

మనకు బాగా ఇష్టమైన దోషి ఇంకొకటి ఉంది: ఫిల్టర్ కాఫీ. చలేస్తే చేతుల మధ్య గ్లాసు పట్టుకుంటాం. తిన్న వెంటనే తాగిన కాఫీ, టీ మాత్రం అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. టీ ఇంకా ఎక్కువ అడ్డుపడుతుంది. వేళ్ళు వెచ్చబడేది పది నిమిషాలు, ఆ తరువాత చలికి మేత మనమే వేసినట్టు. కాఫీ మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, బెంగళూరులో ఆ మాటంటే ఇంట్లోంచి గెంటేస్తారు. తిండికీ కాఫీకీ మధ్య ఒక గంటో రెండు గంటలో ఎడం ఉంచితే చాలు. నిమ్మరసం దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఇనుమును పట్టేలా చేస్తుంది. ఇప్పుడు అవరెకాయల కాలం కదా. మేం పితకపప్పు అంటాం, అమ్మ హితికిన బేళె అంటుంది. ఏ పేరుతో వండినా ముద్దలోకి వేసుకుని పైన ఒక చెక్క నిమ్మకాయ పిండుకోవచ్చు. ముద్దకు రాగులు మొలకెత్తించి ఆడిస్తే వాటిలోని ఇనుము ఇంకా బాగా అందుతుంది.

అయితే 8కో 9కో పడిపోయాక నిమ్మకాయతో పని జరగదు, మాత్రలే వేసుకోవాలి. బడిలో వారానికొకటి ఇచ్చిన నీలం మాత్ర గుర్తుందా, చాలామంది నాలుక కింద దాచి బయట ఉమ్మేసేవాళ్ళు? అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, ఫోలిక్ ఆమ్లం కూడా. అమ్మ డాక్టరమ్మ చెప్పినట్టు నెలల తరబడి మాత్రలు వేసుకుంది. మొదట్లో కడుపులో తిప్పింది, విరేచనం నల్లగా వచ్చిందని భయపడింది. అది మామూలే, ఇనుము రంగే అంత. పోయిన మార్చిలో మాతోపాటే ఆమె కూడా స్వెట్టర్ మడిచి పెట్టెలో పెట్టింది.

పరీక్షకు సీబీసీ అని అడిగితే చాలు, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చేస్తారు. కాగితంలో హెచ్‌బి అన్న వరుస చూడండి. 11 నుంచి 11.9 అయితే కొద్దిపాటి రక్తహీనత, 8 నుంచి 10.9 అయితే మధ్యరకం, 8 లోపు తీవ్రం. హెచ్‌బి బాగానే ఉండి చలి, నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం కలిసి ఉంటే థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. రెండూ సరిగ్గా ఉండి చలి ఒక్కటే ఉంటే, మంచం గోడకు జానెడు జరపండి.