పాత ట్రాక్టరుకు క్రొత్త ఇంజను: ఖర్చుకు ముందు చూడవలసిన లెక్క

మన దేశమున 1959లో ఫరీదాబాదునందు ఐషర్ ట్రాక్టరు, 1963లో మహీంద్రా బి-275 ట్రాక్టరు తయారగుట ఆరంభమైనది. ఆ తరపు బండ్లు కొన్ని ఇంకను రైతుల షెడ్లలో ఉన్నవి. గేరుబాక్సు, వెనుక ఇరుసు గట్టిగా ఉండి ఇంజను మాత్రమే అరిగినపుడు, "పాత కారు డీజిలు ఇంజను చవకగా వచ్చుచున్నది గదా, అది బిగించిన సరిపోదా?" అను ఆలోచన కలుగుట సహజము. డబ్బు చేయి దాటకముందే రైతు సోదరులు ఈ క్రింది సంగతులు గమనింపవలెను.

ట్రాక్టరునకు ఇంజనే వెన్నెముక

జీపునకు, లారీకి పొడవైన ఇనుప చట్రము ఉండును. ఇంజను దానిపై కూర్చుండును. కనుక వానిలో ఇంజను దించి వేరొకటి ఎక్కించుట కొంత సులభము. పెక్కు ట్రాక్టర్లకు అట్టి చట్రము లేదు. ముందు ఇరుసు ఇంజనునకు, ఇంజను గేరుబాక్సునకు బోల్టులతో బిగింపబడి ఉండును. బండి బరువంతయు ఇంజను దిమ్మ, దాని క్రింది పోత ఇనుప నూనె తొట్టి మోయును. కారు ఇంజను క్రింద ఉండు పలుచని రేకు తొట్టి ఈ బరువునకు ఆగదు. ఇరుప్రక్కల బలమైన ఇనుప దూలములు అమర్చిననే పని జరుగును. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసికొనవలెను.

అశ్వశక్తి ఒక్కటే చాలదు

మీ ట్రాక్టరు ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచు 35 అశ్వశక్తులు ఇచ్చుననుకొనుడు. అశ్వశక్తిని 716తో హెచ్చించి చుట్లతో భాగించినచో తిరుగుడు బలము కిలోగ్రాము-మీటర్లలో వచ్చును. ఆ లెక్కన అది సుమారు 12.5. కారు ఇంజను అదే 35 అశ్వశక్తులను 4,000 చుట్ల వద్ద ఇచ్చినచో అచ్చట బలము 6.3 మాత్రమే. నాగలి గట్టి నేలలో దిగినపుడు కావలసినది ఈ బలమే.

పోనీ, ఇంజనును వేగముగా తిప్పుదమన్నచో మరియొక ప్రమాదము కలదు. పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు తిరుగునట్లు పాత ఇంజను వేగమునకు సరిపడ గేర్లు అమర్చబడినవి. ఇంజను వేగము రెట్టింపైనచో షాఫ్టు 1,080 చుట్లు తిరుగును. రొటవేటరుగాని, నూర్పిడి యంత్రముగాని అంత వేగమునకు చేయబడినవి కావు. ముక్కలు లేచి దగ్గరనున్న మనుష్యుల ప్రాణములకే ముప్పు రావచ్చును.

కంప్యూటరుతో నడచు ఇంజను

పాత డీజిలు ఇంజను ఒకసారి స్టార్టయిన తరువాత కరెంటు లేకున్నను నడచును. దాని పంపు, గవర్నరు యంత్రబలముతోనే పనిచేయును. నేటి కామన్ రైలు ఇంజనులో డీజిలు ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. దానికి సెన్సర్లు, పూర్తి వైరింగు, పరిశుభ్రమైన డీజిలు, నిలుకడగల ఓల్టేజి కావలెను. వీనిలో ఒకటి లోపించినను దమ్ము మధ్యలో బండి నిలిచిపోవచ్చును. వైరింగును తెగగోసి అమ్మిన ఇంజనును ఎంత చవకైనను కొనరాదు.

ముందుగా విద్యుత్ పరికరములు మార్చుకొనుడు

తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేయు మార్పు ఇదే. నెమ్మదిగా తిరుగునపుడు డైనమో బ్యాటరీని నింపలేదు. ఆల్టర్నేటరు నింపగలదు.

1. ఇంగ్లండు నమూనాల పాత బండ్లు కొన్నింటిలో బ్యాటరీ పాజిటివు కొన బాడీకి కలుపబడి ఉండును. సాధారణముగా దొరకు ఆల్టర్నేటరునకు నెగెటివు కొన బాడీకి ఉండవలెను. ఇది చూడక కలిపినచో లోపలి డయోడ్లు క్షణములో కాలిపోవును.
2. ఆల్టర్నేటరులోనే రెగ్యులేటరు ఉన్నచో పాత కటౌటు పెట్టెను తీసివేయవలెను.
3. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి లావు వైరు, దానికి తగిన ఫ్యూజు వేయవలెను. పాత సన్నని వైరు వేడెక్కి అంటుకొనవచ్చును.
4. ఇంజను నడచుచుండగా బ్యాటరీ వైరు ఊడదీయరాదు.
5. 55 వాట్ల దీపములు రెండు సుమారు 9 ఆంపియర్లు లాగును. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండు 3.5 ఆంపియర్లకు మించవు.

కాగితములు మరువరాదు

ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రములో ఉండును. 1988 మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము యజమాని తన ఇష్టము వచ్చినట్లు బండిని మార్చరాదు. పని మొదలిడుటకు ముందే రవాణా కార్యాలయములో విచారించి, వ్రాతమూలకమైన అనుమతి పొందవలెను. బీమా కంపెనీకిని తెలియజేయవలెను. లేనిచో ప్రమాదము జరిగిననాడు పరిహారమునకు చిక్కు రావచ్చును.

ఏది మేలు?

మొదట పాత ఇంజనునకే లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించుటకు, క్రాంకు షాఫ్టు గ్రైండింగునకు ఎంత అగునో మెకానిక్కు చేత వ్రాయించుకొనుడు. విడిభాగములు దొరకనిచో అదే కంపెనీ, అదే కుటుంబపు ఇంజనును, అదే వేగము, అదే అశ్వశక్తి గలదానిని వెదకుడు. ఎక్కువ శక్తిని ఆశింపరాదు. క్లచ్చి, ఇరుసు, బ్రేకులు పాతవే అని మరువకుడు. ఈ రెండును కుదరనినాడే వేరు ఇంజను సంగతి ఆలోచింపవలెను. అప్పుడైనను పైన చెప్పిన చుట్ల లెక్క చేసి చూచిన తరువాతనే బయానా ఇయ్యవలెను.